ప్రశ్న ఎవరిది? – బస్తరును గూర్చిన కొన్ని శాస్త్రగ్రంథములు

1965లో సాహిత్య అకాదెమీ ఆంగ్లరచనకుగాను బహుమానమిచ్చిన గ్రంథము కావ్యము కాదు, నవలయు కాదు. ఒక మానవశాస్త్రజ్ఞుని ఆత్మకథ. గ్రంథకర్త వెరియర్ ఎల్విన్ అంతకు ముందటి సంవత్సరము ఫిబ్రవరిలోనే కన్నుమూసినారు. శాస్త్రగ్రంథమును సాహిత్యముగా చదువవచ్చునా అన్న సందేహమునకు అకాదెమీ ఆనాడే ఒక సమాధానము చెప్పినది. తెలుగు విమర్శకులము మనము ఆ సమాధానమును అంతగా చెవిని బెట్టినట్లు కనబడదు. మన విమర్శ నవలను, పద్యమును, నాటకమును తూచినది. మనుష్యుడెట్లు బ్రతుకుచున్నాడు, ఎందుకు చంపుచున్నాడు, ఎవరికి లోబడుచున్నాడు అని సూటిగా అడుగు గ్రంథములను గ్రంథాలయపు వేరొక బీరువాకు వదలివేసినది.

ఆ బీరువానుండి కొన్ని పుస్తకములను తీసి చూచుటకు బస్తరుకంటె తగిన చోటు మనకు లేదు. అది దూరదేశము కాదు. ఇంద్రావతి భద్రకాళి యొద్ద గోదావరిలో కలియుచున్నది. శబరి కూనవరము యొద్ద కలియుచున్నది. కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు సంతభాష. అక్కడి రాజవంశము ఓరుగల్లు కాకతీయులదని, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు దంతేశ్వరీదేవితో అడవులు దాటివచ్చినాడని ఐతిహ్యము. పూర్వపు బస్తరు జిల్లా కేరళ రాష్ట్రముకన్న ఒకింత పెద్దది. నేడది ఏడు జిల్లాలుగా విడిపోయి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ఉన్నది. ఇంత దగ్గరి భూమిని గూర్చి మనకు తెలిసినదెల్ల చాలవరకు ఆంగ్లమునుండియే తెలిసినది. ఇది సిగ్గుపడవలసిన విషయమో కాదో గాని, ఆలోచింపవలసిన విషయము.

మొదట పేర్కొనదగిన గ్రంథము డబ్ల్యూ. వి. గ్రిగ్సన్ రచించిన 'ది మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్' (1938). గ్రిగ్సన్ పండితుడై బస్తరు వెళ్లలేదు. 1927నుండి 1931వరకు ఆ సంస్థానమునకు పరిపాలకుడు. కాబట్టి ఆయన గ్రంథమున పొలము, పన్ను, అడవి, వెట్టి మొదట వచ్చును. దేవతలు తరువాత వత్తురు. ఆ వరుస మంచిదే. కాని పరిపాలకునికి పేరు కావలెను, హద్దు కావలెను. నృత్యమునందు అడవిదున్న కొమ్ములు ధరించువారిని ఆయన 'అడవిదున్న కొమ్ముల మారియాలు' అన్నారు. ఆ పేరు శాస్త్రమున స్థిరపడినది. తమ్ము వారు పిలుచుకొను పేరు మాత్రము 'కోయితోర్'. మన 'కోయ' శబ్దము ఆ మాటకు చుట్టమే. ఆంగ్లపండితుడు వెదకి వెదకి కట్టిన పేరుకంటె సరియైన పేరు తెలుగువాని నోట మొదటినుండియు ఉన్నది. దానిని మనము తిట్టుగా వాడుకొన్నాము. ఈ గ్రిగ్సనే తరువాత హైదరాబాదు నిజాము ప్రభుత్వమున రెవెన్యూశాఖ చూచినారు. కొమరం భీము 1940లో జోడేఘాటులో నేలకొరిగిన పిమ్మట అదే ప్రభుత్వము హైమెండార్ఫును ఆదిలాబాదు గోండుల నడుమకు పంపినది. తిరుగుబాటు ముందు, శాస్త్రము తరువాత. ఈ వరుస కూడ గుర్తుంచుకొనదగినదే.

ఎల్విన్ ఇట్టి అధికారి కాడు. ఆక్స్‌ఫర్డులో చదివి, క్రైస్తవసేవకై 1927లో భారతదేశము వచ్చి, గాంధీజీకి సన్నిహితుడై, చివరకు మఠమును మతాధికారమును విడిచి మండలా జిల్లా గోండుల నడుమ కాపురముండినవాడు. బ్రహ్మచర్యమును ఆదర్శముగా నెంచిన రెండు ఆశ్రమములనుండి వచ్చినవాడు. ఆయన మహాగ్రంథము 'ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్' (1947) ఏడువందల పుటలకు మించినది. దానిని చదువునపుడు ఈ పూర్వకథ మరువరాదు. ఘోటుల్ అనగా ఊరి యువతీయువకులు రాత్రులందు కలిసి నిదురించు మందిరము. అందు బాలుడు చేలిక్, బాలిక మోటియారి. లింగో అను మూలపురుషుడు దానిని స్థాపించి వాద్యములను ఇచ్చినాడని వారి కథ. కొన్ని ఘోటుల్‌లలో జంటలు స్థిరముగా ఉండును. మరికొన్నింట ఒక్కరితోనే నిలుచుట తప్పు.

ఎల్విన్ ఇక్కడ పాపభీతి లేని యౌవనమును చూచినారు. ఈర్ష్య, స్వామ్యభావము తొలగిన ప్రేమను చూచినారు. రెండు మహాయుద్ధముల నడుమ ఐరోపా, అమెరికాలు తమ కామనీతిని గూర్చి తామే సందేహించుకొనుచున్న కాలమది. మార్గరెట్ మీడ్ సమోవాకు, మాలినోవ్స్కీ ట్రోబ్రియాండు దీవులకు పోయి తెచ్చిన సమాధానములనే ఎల్విన్ నారాయణపురపు అడవినుండి తెచ్చినారు. ప్రశ్న లండనుది, సమాధానము చెప్పవలసినవారు మురియాలు.

అయినను ఆ గ్రంథము గొప్పది. ఎందువలన? తన సిద్ధాంతమునకు అడ్డువచ్చు సాక్ష్యమును ఎల్విన్ దాచలేదు. స్వేచ్ఛ యని ఆయన పేరు పెట్టినచోట పుటపుటకు నియమములు కనబడును: ఎవరు ఊడ్వవలె, ఎవరు కట్టెలు తేవలె, రాకున్న ఎంత జరిమానా, ఎవరికి ఏ బిరుదు. ఇది కట్టుబాటు లేని ఇల్లు కాదు, తల్లిదండ్రుల కట్టుబాటుకు బదులు తోటివారి కట్టుబాటు గల ఇల్లు. ఇంకొకటి. ఘోటుల్ జంటకు పెండ్లి సామాన్యముగా కాదు. వరుడు మేనరికపు లెక్కలతో పెద్దలు కుదిర్చినవాడు. పెండ్లినాడు మోటియారిని సాగనంపు పాటలను ఆయన శ్రద్ధగా సేకరించినారు. ఆ పాటలు చదివిన పాఠకుడు ఎల్విన్ ఉత్సాహముతో పూర్తిగా ఏకీభవింపలేడు. ఇక్కడ దుఃఖము లేదని చెప్పు గ్రంథకర్త ప్రక్కనే నిలిచి గ్రంథము ఏడ్చుచున్నది. మంచి శాస్త్రగ్రంథమునకు నేను పట్టుకొను గురుతు ఇదే: చెప్పించుకొనుటకు పోయినవాని చేతినుండి అది జారిపోవలె.

అకాదెమీ బహుమానము పొందిన ఆత్మకథలో ఈ జారుట లేదు. అది హాయిగా నడచు వచనము, హాస్యము గలది, పరులయెడ దయ గలది. కాని తాను పెండ్లాడిన గోండు స్త్రీ కోసిని గూర్చి, 1949లో తెగిపోయిన ఆ దాంపత్యమును గూర్చి ఆయన కొద్ది వాక్యములతో ముగించినారు. ఇతరుల శయ్యాగృహములను గూర్చి వందల పుటలు వ్రాసిన కలము తన ఇంటి గడప యొద్ద ఆగినది. ఆ మౌనము ఆయన హక్కే. అయితే అదే హక్కు మోటియారికి ఎవరిచ్చినారు?

ఎల్విన్ పుస్తకములలో నాకు అన్నిటికంటె నచ్చినది చిన్నది: 'మారియా మర్డర్ అండ్ సూయిసైడ్' (1943). న్యాయస్థానపు కాగితములు చదివి, ఖైదీలతో మాటలాడి, మారియాల హత్యలను ఆత్మహత్యలను పరిశీలించిన గ్రంథము. ఇందు స్వర్గము లేదు. త్రాగుడు, భూమి తగవు, చేతబడి యనుమానము, దాంపత్యకలహము, ఒళ్లలసిన సాయంకాలమున అన్నము ఆలస్యమైన కోపము – ఇంతే. మనుష్యుడు మనుష్యుని ఎందుకు చంపునన్న పెద్ద ప్రశ్న అన్నపు కుండదగ్గరకు దిగి వచ్చినది. చెరసాలలో గిరిజనుని స్థితిని గూర్చిన భాగము నేటికిని పాతబడలేదు.

కాని 1940 ప్రాంతపు బస్తరు యువకుల తండ్రులు ఎవరు? 1910లో భూంకాల్ తిరుగుబాటును చూచినవారు. అడవులను ప్రత్యేకించి మూసివేయుట, వెట్టి, పెరిగిన శిస్తు వీనిపై మామిడికొమ్మ, మిరపకాయలు, బాణములు సందేశముగా ఊరూరికి నడచిన యేడది. ఘోటుల్ గ్రంథమున ఈ జ్ఞాపకము ప్రధానస్థానము పొందలేదు. ఆ లోటును తీర్చినది అర్ధశతాబ్దము తరువాత నందినీ సుందర్ వ్రాసిన 'సబాల్టర్న్స్ అండ్ సావరిన్స్' (1997). ఇందు ప్రశ్నయే తిరుగబడినది. ఈ జనులెట్టివారు అని గాక, వీరిని ఏలినది ఎట్టిదని అడుగుచున్నారు. 1961లో లోహండిగూడ కాల్పులు, 1966 మార్చి 25న జగదల్‌పూరు రాజభవనమున పోలీసుల తుపాకులకు ప్రవీరచంద్ర భంజదేవ్ కూలుట, ఇవన్నియు ఆ ప్రశ్నలోనివే. రాజును దేవునివలె కొలుచువారు రాజోద్యోగిపై ఎట్లు తిరుగబడుదురు? దసరా రథమును లాగుచు రాజును అడవికి ఎత్తుకొనిపోవు ఆచారమును చూచి ఆల్ఫ్రెడ్ జెల్ ఒక వ్యాసమున ఇచ్చిన వివరణ చమత్కారమైనది: రాజును ఎంత ఎత్తున నిలిపిన, సర్కారు అంత దూరమున ఆగును. భక్తియే అడ్డుగోడ. వారు తెలియని భక్తులు కారు, తెలిసిన రాజకీయులు.

తరువాతి కథ గ్రంథములలో నిలువలేదు. 2005 జూనులో సల్వా జుడుం మొదలైనది. సర్కారు దానిని శాంతియాత్ర అన్నది. గోండీ మాట వేటను, శుద్ధిని స్ఫురింపజేయును. మాటల బరువెరిగిన రచయితలకు ఈ అనువాదమొక్కటి చాలును. సుందర్, రామచంద్ర గుహ, ఇ. ఏ. ఎస్. శర్మ 2007లో సర్వోన్నతన్యాయస్థానమునకు పోయినారు. ఈ గుహయే ఎల్విన్ జీవితచరిత్ర వ్రాసినవారు (1999); శర్మగారు తెలుగువారు. 2011 జూలై 5న తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులలో బి. సుదర్శన్ రెడ్డిగారును తెలుగువారే. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా పోరాటమునకు దింపుట రాజ్యాంగవిరుద్ధమని ఆ తీర్పు. అందు జోసెఫ్ కాన్రాడ్ నవలను స్మరించుట సాహిత్యకులు గమనింపదగినది.

ఈ అనుభవమునుండి వచ్చిన సుందర్ గ్రంథము 'ది బర్నింగ్ ఫారెస్ట్' (2016). ధైర్యము గల పుస్తకము. సర్కారును గాని మావోయిస్టులను గాని విడువలేదు. అయినను ఒక అసంతృప్తి చెప్పక తప్పదు. ఇందు మనుష్యులు ఎక్కువగా సాక్షులుగా వచ్చి సాక్షులుగానే వెళ్లుదురు. కాలిన ఇండ్ల లెక్కయున్నది. ఆ ఇంట పాడిన పాట తక్కువ. ఎల్విన్ ఘోటుల్‌లో పాట వినబడును, పోలీసు కనబడడు, ఇందు తారుమారు. ఇది గ్రంథకర్త్రి లోపమని అనజాలను. ఇల్లు కాలుచున్నపుడు అందలి చిత్తరువులను వర్ణించు తీరిక ఎవరికుండును? కాని నవలాకారునికి మిగిలియున్న పని ఇదేనని మాత్రము చెప్పవచ్చును.

ఆ పని మన ఇంటి గడపలోనికే వచ్చియున్నది. 2005 తరువాత బస్తరునుండి వేలకొలది కుటుంబములు వచ్చి భద్రాచలము, ములుగు ప్రాంతపు అడవులలో గుడిసెలు వేసికొన్నవి. మనము వారికి 'గుత్తికోయలు' అని పేరు పెట్టినాము. ఎల్విన్ మురియాలన్నది వీరి జాతినే. ప్రతియేట మిరపకోతల కాలమున మరికొందరు కూలికి వచ్చి పోవుచుందురు. అటవీశాఖ కాగితములలో వారొక సమస్య, పత్రికలలో ఒక వార్త, రైతుకు చౌకకూలి.

ఎల్విన్ గ్రంథమును ఎవరైన తెలుగు చేయబూనిన, మొదటి పుటలోనే ఒక చిక్కు వచ్చును. 'మురియా' అన్నచోట ఏమి వ్రాయవలె? మురియా యని ఉంచిన దూరదేశపు విడ్డూరమగును. గుత్తికోయ యన్న అడవినుండి తరుమబడువాని పేరగును. కోయితోర్ అన్న పాఠకుడు ఎరుగడు. మిరపచేనిలో వంగి కాయలు కోయుచున్నవారిని అడిగిన తప్ప ఆ మాట తేలదు. అడుగుటకు గోండీ రావలెను.