పూర్వపక్షం

తెలుగులో ‘పూర్వపక్షం చేశాడు’ అంటే అవతలివాడి వాదాన్ని కొట్టిపారేశాడని అర్థం. నేనూ ఎన్నోసార్లు అలాగే రాశాను. శాస్త్రగ్రంథాల్లో మాత్రం పూర్వపక్షమంటే ఎదుటివాడి మాట. ముందు దాన్ని వినిపించాలి. ఖండన, సిద్ధాంతం ఆ తర్వాత. మన వాడుకలోకి వచ్చేసరికి వినిపించడం జారిపోయి కొట్టడం మిగిలింది.

ఈ తేడా నాకు ఒక ఫోన్‌కాల్‌తో బోధపడింది. కొన్నేళ్ళ కింద తెలుగు మాధ్యమాన్ని సమర్థిస్తూ కాలమ్ రాశాను. ఇంగ్లీషు బడికోసం ఎగబడే తల్లిదండ్రులు గొప్పలకు పోతున్నారని అందులో ఒక వాక్యం. వారం తిరక్కుండానే ఒకావిడ ఫోన్ చేసింది. కుట్టుపని చేస్తుందట, ఇద్దరు పిల్లలు. “గొప్పకి పంపట్లేదు సార్. ఆస్పత్రికెళ్తే చీటీ ఇంగ్లీషులో, బ్యాంకుకెళ్తే కాగితం ఇంగ్లీషులో. నాలాగా నా కూతురు ఇంకొకర్ని బతిమాలుకోకూడదని పంపుతున్నా. మీరు రాసిన ఆ తల్లెవరో నాకు తెలీదు” అంది. మాధ్యమం విషయంలో నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. అయినా ఆరోజు నాకు నోరు పెగల్లేదు. కాలమ్‌లో నేను ఓడించింది నేనే అల్లుకున్న మనిషిని.

ఎదుటివాడి మాటని ఎలా వినిపించారో చూద్దామని ఆ తర్వాతే మధ్యయుగాల తాత్త్వికుల్ని పట్టి చదవసాగాను. 14వ శతాబ్దపు మాధవాచార్యుడి ‘సర్వదర్శన సంగ్రహం’ శివుడికి నమస్కారంతో మొదలవుతుంది. ఆ వెంటనే మొదటి అధ్యాయం చార్వాకుడిది! దేవుడూ పరలోకమూ లేవనేవాడిది. చార్వాకుణ్ణి ఆయన అక్కడక్కడా తేలిక చేశాడనే నాకనిపిస్తుంది. కానీ పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుందని నీకెలా తెలుసు, అన్ని చోట్లా అన్ని కాలాల్లోనూ చూసొచ్చావా అని చార్వాకుడు అనుమాన ప్రమాణాన్ని, అంటే ఒకటి చూసి ఇంకొకటి ఉందని తేల్చడాన్ని, నిలదీసే భాగంలో రవ్వంత బలం కూడా తగ్గించలేదు. యూరప్‌లో అంతకు నూరేళ్ళ ముందు థామస్ అక్వినాస్‌దీ ఇదే దారి. దేవుడున్నాడా అన్న ప్రశ్న దగ్గర, లోకంలో ఇంత చెడు ఉందే అన్న అతి గట్టి ఆక్షేపణని ముందు నిలబెట్టి, ఆ తర్వాతే తన సమాధానం చెప్పాడు.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది గుజరాత్‌లోని పాటన్ కథ. జయరాశి భట్టు రాసిన ‘తత్త్వోపప్లవసింహం’ జ్ఞానానికి ఆధారమనుకునే ఏ ప్రమాణమూ నిలవదని తేల్చిన పుస్తకం. నైయాయికులు, మీమాంసకులు, బౌద్ధులు, జైనులు, అందరికీ అందులో దెబ్బలే. వందల ఏళ్ళు ఎవరి కంటా పడని ఆ గ్రంథం తాళపత్ర ప్రతి 1926లో పాటన్‌లో దొరికింది, అదీ ఒక జైన భాండాగారంలో. తమని ఖండించిన పుస్తకాన్ని జైనులే కాపాడుకొచ్చారు. 1940లో బరోడా నుంచి అచ్చయినప్పుడు దాని పరిష్కర్తలు ఇద్దరు: రసిక్‌లాల్ పరీఖ్, పండిత సుఖలాల్ సంఘ్వీ. సుఖలాల్ జైన పండితుడు. పదహారేళ్ళ వయసులో మశూచి ఆయన చూపు తీసుకుపోయింది. ఏ పంక్తినైనా ఇంకొకరు చదివిపెట్టాలి, ఆయన చెవిన పడాలి, అప్పుడే పాఠం సరిచూడ్డం. తన మతాన్నీ ఖండించిన వాదిని ఆయన అలా విని, అక్షరం చెడకుండా మన చేతికిచ్చాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

తత్త్వశాస్త్రం ఈ కాలానికి ఎందుకని కాలేజీ పిల్లలు అడిగితే నేను ఈ కథే చెబుతాను. టీవీ చర్చ చూస్తున్నా నా చెవి ఒకదానికోసమే వెతుకుతుంది: అవతలివాడు ‘అవును, నా మాట ఇదే’ అని ఒప్పుకునేలా ఇవతలివాడు ఒక్క నిమిషం చెప్పగలడా?

నేనైతే నోటుబుక్కులో ఎడమవైపు పేజీ ఎదుటిపక్షానికి వదిలేస్తున్నాను. అది నిండాకే కుడివైపు. నిండాక ఆ అభిప్రాయం ఉన్నవాళ్ళెవరికైనా చదివి వినిపిస్తాను. చాలాసార్లు తిప్పి రాయాల్సొస్తుంది.

తెలుగు మాధ్యమం మీద మళ్ళీ రాద్దామని పోయిన నెల ఆ కుట్టుపని చేసే ఆవిడకే ఫోన్ చేశాను. ఎడమ పేజీ చదివాను. మిషను ఆపి మొత్తం విన్నది. “ఆస్పత్రి సంగతి బాగానే రాశారు సార్. బ్యాంకు ముక్కే, అక్కడ ఎంత సిగ్గేస్తుందో రాలేదు” అంది. ఆ పేజీ మళ్ళీ రాస్తున్నాను.