గేజు చెప్పని లెక్క

బాలానగర్‌లో ఒక షెడ్డులో నా పని కొలవడం. లేత్ మీంచి దిగిన ప్రతి ముక్కకూ గో, నో-గో గేజు పెట్టి చూస్తాను. ఒక కొన దూరాలి, రెండో కొన దూరకూడదు. పాసో, రిజెక్టో తేలిపోతుంది. ఆ ముక్క ఎలాంటి కడ్డీ నుంచి వచ్చిందో గేజుకు అక్కర్లేదు.

పోయిన జూన్‌లో ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పిల్లను ఆరో తరగతిల ఏడ ఎయ్యాలె? మన ఊరి హైస్కూల్లనా, మండలంలనా? రెండింట్ల పది రిజల్టు తొంభై రెండే."

ఎందరు రాశారో కనుక్కోమన్నాను. మా ఊళ్లో 12 మంది రాస్తే ఒకడు తప్పాడు. మండలంలో 120 మంది రాస్తే పది మంది తప్పారు. రెండూ 92 శాతమే! చిన్న బడిలో ఒక్క పిల్లాడికి పరీక్ష రోజు జ్వరమొస్తే ఎనిమిది శాతం గల్లంతు. అందుకే మూడేళ్ల రిజల్టు కలిపి చూడాలి.

"ఆ పన్నెండు మంది ఆరుల చేరినప్పుడు ఎంతమంది ఉండె?" అనడిగాను. మర్నాడు తమ్ముడు బడికి పోయి అడ్మిషన్ రిజిస్టర్ చూసొచ్చాడు. 21 మంది. ఐదుగురు టీసీ తీసుకుని గురుకులాలకు పోయారు. ఇద్దరు తల్లిదండ్రులతో పట్నం వచ్చేశారు. మిగతా ఇద్దరు టీసీ అడగలేదు, బడికీ రాలేదు. ఆ ఇద్దరూ ఫెయిలైన లెక్కలోనైనా లేరు.

అలాంటి పిల్లలే కొన్నేళ్లకు మా షెడ్లలో హెల్పర్లుగా తేలుతుంటారు. 1968 నుంచి ఈ బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అందులో డిప్లొమాకు ప్రవేశ పరీక్ష రాయాలన్నా పది పాసై ఉండాలి.

"మరి గురుకులంల నూటికి నూరు గద అన్నా?" అన్నాడు తమ్ముడు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులాలు ఎందరో పల్లెటూరి పేద పిల్లలను పైకి తెచ్చాయి, కాదనను. అయితే గురుకులానికైనా మోడల్ స్కూలుకైనా ప్రవేశ పరీక్ష ఉంటుంది. జిల్లా పరిషత్ బడి గడప తొక్కిన ప్రతి పిల్లనూ చేర్చుకుంటుంది. ఏరిన కడ్డీతో చేసిన ముక్కనూ, దొరికిన ఇనుముతో చేసిన ముక్కనూ పక్కపక్కన పెట్టి పనివాణ్ని తిడితే ఎట్లా? వెర్నియర్‌లో జీరో ఎర్రర్ ఉంటే మేం సరిచేసుకుని చదువుతాం. బాసర ట్రిపుల్ ఐటీ వాళ్లూ అదే చేశారు. పదికి జీపీఏలున్న రోజుల్లో, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకు 0.4 కలిపి మెరిట్ లిస్టు వేసేవారు.

చివరికి పిల్లను మా ఊరి బడిలోనే వేశారు. లెక్కల సారు ఏడాది పొడుగునా ఉంటాడు. మండలం బడిలో సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యేసరికి ఊరికి బస్సుండదు. ఈ రెండు సంగతులూ రిజల్టు ఫ్లెక్సీ మీద ఉండవు.

ఈ జూన్‌లో బడి వెతికేవాళ్లు ఫ్లెక్సీ చూసి వెనక్కి తిరగకండి. ఆఫీసు గదిలోకి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: ఆరులో చేరింది ఎందరు, పది రాసింది ఎందరు, మధ్యలో పోయినవాళ్లు ఎక్కడున్నారు? మూడో ప్రశ్నకు పిల్లల పేర్లతో సహా జవాబు చెప్పే హెడ్మాస్టరున్న బడే మంచి బడి.