బర్మార్‌కు వేడినీళ్ల స్నానం

1959 నాటి ఆయుధాల చట్టం రైతును మరిచిపోలేదు. ఇతర అభ్యంతరాలేవీ లేకుండా, పంటను కాపాడుకోవడానికే అడుగుతుంటే, మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని అందులోని 13వ సెక్షన్ చెబుతుంది. నిజామాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న సిరికొండ లాంటి చోట ఆ మాట ఎందుకొచ్చిందో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పసుపు చేలో అంతరపంటగా వేసిన మక్క పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగుతాయి. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు వచ్చేయదు, దానికి వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి.

తెలంగాణ పల్లెల్లో ఈ తుపాకీ పేరు బర్మార్. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన తొలిరోజుల్లో రైతు దళాలకు దొరికినవి ఎక్కువగా వడిసెలలు, కర్రలు, బర్మార్లే.

ఇనుముతో ఈ జిల్లా బంధం అంతకన్నా పాతది. ఆర్మూరుకు తూర్పున ఉన్న కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవారు. ఆ ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతం తిరిగిన హెన్రీ వాయిసీ రాశాడు. అలాంటి గడ్డ మీద పాత తుపాకీలు అటకల మీద తుప్పుపట్టి పోవడం విడ్డూరమే. కారణం మాత్రం ముసలితనం కాదు. కాల్చాక కడగకపోవడం.

సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు పూర్తిగా పొగైపోదు. బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. గొట్టం లోపల పేరుకునే ఆ మసిలో పొటాషియం లవణాలు ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి, ఆ తేమ ఇనుమును తింటుంది. ముసురు పట్టిన వానకాలంలో ఒక్క రాత్రి చాలు, గొట్టం లోపల ఎర్రటి పొర లేస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే: మసి మీదే నూనె రుద్దేస్తారు. మెషిన్ ఆయిల్ దాన్ని కరిగించదు సరికదా, తారులా ముద్ద చేసి అడుగున లవణాన్ని భద్రంగా దాచిపెడుతుంది. లవణాన్ని కరిగించేది నీళ్లే.

నీళ్లు పోసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, లోపల మందు ఉందా లేదా. ఎన్నో ఏళ్ల కిందట దట్టించి వదిలేసిన మందు కూడా పేలగలదు. ముందు గొట్టం అడుగున ఉండే నిపుల్ (నిప్పు లోపలికి వెళ్లే సన్నటి మొన) మీద పేలుడు టోపీ ఉంటే తీసేయాలి. మూతికి ఎదురుగా మనిషి నిలబడకుండా ఒక చువ్వను గొట్టంలోకి మెల్లగా జారవిడిచి, మూతి దగ్గర గుర్తు పెట్టాలి. ఆ చువ్వను బయటకు తీసి, గుర్తు మూతి దగ్గరే ఉండేలా గొట్టం పక్కన ఆనిస్తే, దాని కొన నిపుల్ దాకా రావాలి. బాగా ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉన్నట్టే. అప్పుడు గుచ్చడం, పొడవడం వద్దు. తెలిసినవాళ్లకే వదిలేయాలి.

ఖాళీ అని తేలాక పని సులువు. చెక్క కుందా నుంచి గొట్టం విడదీసి, నిపుల్ ఊడదీసి, గొట్టం అడుగు భాగాన్ని వేడినీళ్ల బకెట్లో ముంచాలి. గుడ్డ చుట్టిన చువ్వను పైకీ కిందికీ ఆడిస్తే పంపులో లాగా నీళ్లు నిపుల్ రంధ్రంలోంచి లోపలికి వచ్చి బయటికి పోతాయి. మొదటి బకెట్ బొగ్గునీళ్లలా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది, అది గంధకం చలవ. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చాలి. చివరి విడత బాగా కాగిన నీళ్లయితే ఇనుము వేడెక్కి తడి తనంతట తానే ఆరిపోతుంది. పొడిగుడ్డ తెల్లగా వచ్చాక పలచగా నూనె పట్టించి, మర్నాడు ఇంకోసారి గుడ్డ ఆడించి చూడాలి. ఎర్రబారితే మళ్లీ మొదటికి. లోపల మరలు కోసిన రైఫిల్ అయితే ఓపిక రెండింతలు కావాలి, మసి ఆ గాడుల్లోనే దాక్కుంటుంది.

1857లో దేశాన్ని కుదిపేసిన ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు వెనక ఉన్నదీ ఈ మసి బాధే. తూటా సులువుగా దిగడానికి, మసి గట్టిపడకుండా ఉండడానికి ఆ కొవ్వు పూసేవారు.

కుందాకు నీళ్లు తగలనివ్వకూడదు. ఏడాదికోసారి అవిసె నూనె చుక్కలు చేత్తో రుద్దితే చాలు. గుర్రం, ట్రిగ్గర్ ఉన్న మరలో మాత్రం వంటనూనెలు వద్దు, కొన్నాళ్లకు బంకలా పట్టేస్తాయి. ఇత్తడి పట్టీలను పూజసామాను తోమినట్టు చింతపండుతో తళతళలాడించాలన్న ఉబలాటమూ మానుకోవాలి. ఏళ్ల తరబడి ఏర్పడిన గోధుమరంగు పొరను గరుకు కాగితంతో గీకేస్తే తుపాకీ చరిత్ర సగం పోతుంది, ధర కూడా. ఇక కాల్చబోని తుపాకీకి ఎండు గుడ్డ, పలచటి మైనం పూత చాలు. మ్యూజియంలలోనూ మైనపు పూతలు వాడతారు.

బాగు చేసిన పాత గొట్టాన్ని మళ్లీ కాల్చి చూడాలనే ఉత్సాహం మాత్రం ప్రమాదకరం. లోపల గుంటలు పడిన ఇనుము ఎప్పుడు చీలుతుందో చూపుకి అందదు. పొగరాని కొత్తరకం మందు పోస్తే నల్లమందుకని చేసిన గొట్టం తట్టుకోలేదు.

తాతల నాటి బర్మార్ అటక మీద దొరికితే, ముందు బకెట్ కోసం కాదు, కాగితాల కోసం వెతకండి. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకే ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, ఆ సంగతి ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. లైసెన్సు లేకపోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో తెలియజేయండి.