అద్దె గొంతు, అప్పు పేరు

మంగళవారం పొద్దున మా కొండాపూర్ అపార్టుమెంట్ లిఫ్టులో ఓ కుర్రాడు ఫోన్లో బేరమాడుతున్నాడు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో తన బదులు ఇంకెవరో జవాబులు చెప్తారట, ఇతను కెమెరా ముందు కూర్చుని పెదాలు కదిపితే చాలట. "వాయిస్ సింక్ అవుద్దా అన్నా?" అని అడుగుతున్నాడు. నన్ను చూసి "గుడ్ మార్నింగ్ అంకుల్" అన్నాడు. అది మాత్రం సొంత గొంతే.

నాకు ఒళ్లు మండితే పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా పెట్టుకుంటానని ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. ఆ రాత్రి చేతికందింది 1951 నాటి 'ది హౌస్ ఆన్ టెలిగ్రాఫ్ హిల్'. లిఫ్టులో వదిలేసిన కథ అక్కడా పట్టుకుంది.

విక్టోరియా పోలండ్ మనిషి. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోయాయి. బెల్సెన్ నాజీ శిబిరంలో స్నేహితురాలు కారిన్ కన్నుమూస్తుంది. కారిన్ కొడుకు శాన్‌ఫ్రాన్సిస్కోలో డబ్బున్న బంధువు దగ్గర పెరుగుతున్నాడు. విక్టోరియా కారిన్ కాగితాలు తీసుకుని తనే కారిన్ అయిపోతుంది. అమెరికా చేరి, పిల్లవాడి సంరక్షకుణ్ని పెళ్లాడి, కొండమీది ఇంట్లో కాపురం పెడుతుంది.

ఇదంతా మనకి మొదట్లోనే తెలుసు. సస్పెన్స్ అంటే ప్రేక్షకుడి దగ్గర దాచడం కాదని ఎన్నోసార్లు గొణిగాను, మళ్లీ గొణుగుతున్నాను. దర్శకుడు రాబర్ట్ వైజ్ అంతకుముందు ఎడిటర్. 1941లో 'సిటిజన్ కేన్'కి కత్తెర పట్టింది ఆయనే. ఏ షాట్ ఎంతసేపు ఉంచాలో ఆ చేతికి తెలుసు. రాత్రి భర్త గ్లాసుతో నారింజరసం తెస్తాడు. అందులో ఏం కలిపాడో! ఎవరికి మొరపెట్టుకోవాలన్నా విక్టోరియా ముందు తన గుట్టు విప్పుకోవాలి. బిగువంతా అక్కడే ఉంది. చివరికి ఆ రసం ఎవరు తాగారో చెప్పను.

ఇదే ముడి మనవాళ్లు 2005లో 'అతడు'లో వేశారు. టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మా ఇంట్లో ఎప్పుడో మానేశాం. పోలీసులు తరుముతుంటే కథానాయకుడు నందు రైలెక్కుతాడు. అందులో ఏళ్ల తర్వాత ఇంటికి పోతున్న పార్థు కలుస్తాడు. నందుకి తగలాల్సిన తూటా అతనికి తగులుతుంది. పార్థు పేరుతో నందు వాళ్ల ఊరు బాసర్లపూడి చేరతాడు. అమెరికా సినిమాలో ఇల్లు ఆమె ప్రాణం తీయాలని చూస్తుంది, త్రివిక్రమ్ సినిమాలో ఇల్లు అతనికి అన్నం పెడుతుంది. రెండోదే భయంకరం అంటుంది మా ఆవిడ. నిజమే. విషం పెట్టేవాడికి అబద్ధం చెప్పొచ్చు, మనవడొచ్చాడని మురిసిపోయే తాతకి ఎలా చెప్పడం? అప్పట్లో థియేటర్లో తాత వేషంలో ఉన్న నాజర్ మొహం చూసి నా వెనక సీట్లో పెద్దాయనెవరో "చెప్పెయ్యరా నాయనా" అని పైకే అనేశాడు. ఎవరూ నవ్వలేదు.

చావు నోట్లోంచి బయటపడ్డ మనిషి పేరు మార్చుకోవడానికీ, ప్యాకేజీ కోసం గొంతు అద్దెకి తెచ్చుకోవడానికీ పోలిక లేదు. ఆ కుర్రాణ్ని దులిపేద్దామనే రాయడానికి కూర్చున్నాను. ఇలాంటివాళ్లు దొరక్కుండా తప్పించుకుంటున్నారన్నదే నా మంట. తీరా ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుంటే, మోసం ఫలించడం ఆఖరి రీలు కాదు, మొదటి రీలు. మెడలో బ్యాడ్జి పడ్డ రోజే అసలు సినిమా మొదలు. "ఇంటర్వ్యూలో గడగడా చెప్పావుగా, ఇదీ చెప్పు" అని మేనేజర్ వైట్‌బోర్డు ముందు నిలబెడతాడు. క్యాంటీన్లో పక్కవాళ్లు ఆప్యాయంగా డబ్బా ముందుకు జరిపితే, ఆ ముద్ద కూడా గొంతు దిగదు.

కోపం పోయి జాలేసింది. బాబూ, ఆ ఇంటర్వ్యూ నువ్వే ఇచ్చుకో. పోతే ఆ సాయంత్రం బిర్యానీ తిని హాయిగా పడుకుంటావు. వస్తే, అప్పుడూ హాయిగానే పడుకుంటావు.