తీర్పరీ మన ఊరివాడే

షార్లెట్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి నాస్కార్ అంటే ఒక పెద్ద స్పీడ్‌వే, రేసు రోజున కదలని ట్రాఫిక్. ఆ కార్ల పందేల గుట్టు తెలియాలంటే మాత్రం వేసవిలో ఒక శనివారం రాత్రి విన్‌స్టన్-సేలం వెళ్లి బోమన్ గ్రే స్టేడియంలో కూర్చోవాలి. ఫుట్‌బాల్ మైదానం, దాని చుట్టూ పావు మైలు తారు ట్రాక్. 1949 నుంచి అక్కడ నాస్కార్ పేరు మీద వారం వారం పందేలు జరుగుతున్నాయి. మలుపుల్లో వాలు లేదు, పక్కకు తప్పుకునే చోటు లేదు. ముందున్న కారును దాటాలంటే చాలాసార్లు బంపరు ఆనించి కాస్త నెట్టాల్సిందే. ఆ 'కాస్త' ఎంత అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది.

వారాంతాల్లో ఇక్కడి మన కుర్రాళ్ల టెన్నిస్ బంతి క్రికెట్ మ్యాచ్‌లకు అంపైరుగా నిలబడేవాణ్ణి కాబట్టి, నా చూపు కార్ల మీద కన్నా టవర్‌లో కూర్చున్న రేస్ డైరెక్టర్ మీదే ఎక్కువ ఉంటుంది. ఒక కారు గిర్రున తిరిగి ఆగిపోయింది. పసుపు జెండా ఊగింది. మిగతా కార్లు నెమ్మదిగా రెండు మూడు చుట్లు తిరిగే లోపు ఆయన తేల్చాలి: వెనకవాడు కావాలని కొట్టాడా, ముందువాడు దారి మూసి తెచ్చుకున్నాడా, లేక ఎవరి తప్పూ లేదా? కారులో బిగించిన ట్రాన్స్‌పాండర్ గీత దగ్గర ఎవరు ముందున్నారో చెబుతుంది గానీ ఎవరు ఎవర్ని గుద్దారో చెప్పదు. పెద్ద రేసుల్లో మూలమూలకూ కెమెరాలుంటాయి. చిన్న ట్రాకులో ఉన్నవి ఫ్లాగ్‌మాన్ కళ్లు, మలుపుల దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురి కళ్లు. తీర్పు డ్రైవర్ చెవిలోని వన్‌వే రేడియోలో పడుతుంది. అతను వినగలడు, బదులు చెప్పలేడు.

ఈ చిక్కు తప్పించుకోవడానికి కొన్ని ట్రాకుల వాళ్లు సులువైన దారి పట్టారు. గొడవలో ఉన్న ఇద్దర్నీ వరస చివరికి పంపేస్తారు. చూడ్డానికి సమన్యాయం లాగే ఉంటుంది. నాకైతే అది పని ఎగ్గొట్టడమే. దెబ్బ తిన్నవాడికీ కొట్టినవాడికీ ఒకే శిక్ష వేస్తే, కొట్టినవాడికి పోయేదేముంది? పాయింట్లలో తన మీదున్న వాణ్ణి తనతో పాటు కిందికి లాగడానికి వాడికో ఉపాయం కూడా దొరుకుతుంది. దానికన్నా 'తప్పు నాదే' అని డ్రైవర్ తనంతట తాను ఒప్పుకుంటే అవతలివాడికి స్థానం తిరిగిచ్చే పద్ధతి మేలు. అదీ కొన్నిచోట్ల ఉంది. ఒప్పుకునేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి!

అసలు ఇబ్బంది కళ్లది కాదు, చుట్టరికాలది. రేస్ డైరెక్టర్ ఆ ఊరివాడే. సోమవారం పొద్దున అదే డ్రైవర్ ఆయన పికప్‌కు బ్రేకులు బిగించొచ్చు. ట్రాకు నడిపే ప్రమోటర్‌కేమో వచ్చే వారం కూడా కార్లు రావాలి. కార్లు తగ్గితే జనం తగ్గుతారు. అభిమానులున్న డ్రైవర్ అలిగి యాభై మైళ్ల అవతలి ట్రాకుకు పోతే నష్టం ఎవరికి? అందుకే తీర్పు నిక్కచ్చిగా ఉన్నా స్టాండ్స్‌లో ఎవరో ఒకరు 'అవునులే, వాళ్లంతా ఒకటే' అనేస్తారు. మన లీగుల్లోనూ అంతేగా! అంపైరు ఏ జట్టు వాట్సాప్ గ్రూపులో ఉన్నాడో ముందు చూస్తారు, ఎల్‌బీడబ్ల్యూ తర్వాత.

కొలతలకు అందే తప్పులదీ తక్కువ కథేం కాదు. ఇప్పుడు కప్ సిరీస్ అంటున్న పోటీలో మొట్టమొదటి రేసు 1949 జూన్ 19న షార్లెట్‌లోనే జరిగింది. మొదట వచ్చిన గ్లెన్ డనవే కారు వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయని తేలి, గెలుపు జిమ్ రోపర్‌కు పోయింది. కారు యజమాని పది వేల డాలర్లకు దావా వేసి ఓడిపోయాడు. చిన్న ట్రాకుల్లో దీనికి ముచ్చటైన విరుగుడొకటి ఉంది, క్లెయిమ్ నిబంధన. గెలిచినవాడి ఇంజిన్‌ను ఓడినవాడు ముందే నిర్ణయించిన ధరకు కొనేసుకోవచ్చు. ఆ ధరకు పదింతలు పోసి ఇంజిన్ కట్టినవాడు పోగొట్టుకుంటాడు. తనిఖీ చేసే మనిషితో పెద్దగా పని లేదు, చుట్టరికం అడ్డురాదు.

కానీ జెండా ఊపే చెయ్యి మనిషిదే. అది పొరబడుతుంది. పొరబడ్డాక ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. 1959 ఫిబ్రవరి 22న తొలి డేటోనా 500లో కార్లు పక్కపక్కనే గీత దాటాయి. జానీ బోషాంప్ గెలిచాడన్నారు. లీ పెటీ ఒప్పుకోలేదు. నాస్కార్ అధిపతి బిల్ ఫ్రాన్స్ ఫొటోలూ ఫిల్మూ తెప్పించి, మూడు రోజులు పరిశీలించి, అందరికీ తెలిసేలా పెటీని విజేతగా ప్రకటించాడు.

నాలుగేళ్ల తర్వాత, 1963 డిసెంబరు 1న, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో వెండెల్ స్కాట్ రెండు ల్యాపులు ముందుండి రేసు ముగించాడు. గెలుపు మాత్రం బక్ బేకర్‌దని ప్రకటించారు. స్కాట్ నల్లజాతి డ్రైవర్. ఆ స్థాయి రేసులో అప్పటిదాకా నల్లవాడెవడూ గెలవలేదు. స్కాట్ అడిగాడు, లెక్కలు తిరగేశారు, జనం ఇళ్లకు పోయాక స్కోరింగ్‌లో పొరపాటు జరిగిందని గెలుపు ఆయన పేర రాశారు. డబ్బు ఇచ్చారు, అసలు ట్రోఫీ ఇవ్వలేదు. అది పొరపాటంటే ఆయన నమ్మలేదు. 1990లో కన్నుమూశాడు. నాస్కార్ ఆ గెలుపుకు ట్రోఫీని ఆయన కుటుంబం చేతిలో పెట్టింది 2021 ఆగస్టులో. రెండు చోట్లా మొదటి తీర్పు తప్పే, రెండు చోట్లా దిద్దారు. ఒకటి పట్టపగలు దిద్దారు, ఇంకోటి జనం లేకుండా చూసి దిద్దారు.

ట్రాకు నడిపేవాళ్లనైనా, మన లీగు కమిటీలనైనా నేను అడిగేది ఒక్కటే. మర్నాడు పొద్దున్నే ఒక కాగితం అంటించండి: ఏ నిబంధన కింద తీర్పు ఇచ్చారు, ఎవరు చూశారు, ఏం చూశారు. తీర్పు మారితే, మారిందని అదే కాగితం మీద, అదే సైజు అక్షరాల్లో రాయండి.