భూగోళపు పాత హిమయుగాలు: కోపెన్–వెగెనర్ గ్రంథంపై విమర్శనాత్మక పరిశీలన

గోండ్వానా హిమయుగపు ఆనవాళ్లను కిందటి భాగంలో చదివారు. దాని కారణాలపై వ్లదిమీర్ కోపెన్, ఆయన అల్లుడు ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1924లో జర్మన్ భాషలో వెలువరించిన ‘భూవైజ్ఞానిక గతంలోని శీతోష్ణస్థితులు’ అనే గ్రంథం ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడు చూద్దాం.

1856లో ఒడిశాలోని తాల్చేరు వద్ద మెత్తని మట్టిరాతిలో ఇరుక్కున్న పెద్ద బండరాళ్లను చూసి, అవి మంచు మోసుకొచ్చినవని బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ సూచించారు. ఎండలు మండే దేశంలో ఇది వింతగానే తోచింది. తర్వాత చంద్రపూర్ ప్రాంతంలో, పెనుగంగ ఒడ్డున ఇరై వద్ద, ఆ పొర కింది సున్నపురాతిపై మంచు గీసిన చారలు కూడా కనిపించాయి. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లోనూ ఇలాంటివే ఉన్నాయి. నేటి పటంలో ఇవి చెల్లాచెదురుగా ఉంటాయి. ఖండాలను దగ్గరికి చేరిస్తే అన్నీ దక్షిణ ధ్రువం చుట్టూ చేరతాయి. ఈ అమరికను చూపడంలో గ్రంథానికి సాటి లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మంచు ‘ఎక్కడ’ పేరుకుందో చెప్పినంత మాత్రాన ‘ఎందుకు’ పేరుకుందో చెప్పినట్లు కాదు. క్రెటేషియస్ కాలంలో అంటార్కిటికా ధ్రువం దగ్గరే ఉంది, అయినా అక్కడ అడవులు పెరిగాయి. విశాలమైన హిమపలక ఏర్పడింది సుమారు 3.4 కోట్ల సంవత్సరాల క్రితమే. అంటే ధ్రువం వద్ద ఖండం ఉండటం తోడ్పడవచ్చు, కానీ అదొక్కటే చాలదు.

ఈ గ్రంథంలోనే మిలాంకోవిచ్ గీసిన 6,50,000 సంవత్సరాల సౌరవికిరణ రేఖ ఉంది. అది మంచు పెరగడాన్నీ తగ్గడాన్నీ చక్కగా వివరిస్తుంది. కానీ భూకక్ష్యలోని ఆ మార్పులు వెచ్చని యుగాల్లోనూ జరిగాయి కదా!

లోపించింది కార్బన్ డయాక్సైడ్. శిలాజ పత్రరంధ్రాలు, ప్రాచీన నేలల్లోని కార్బనేట్లు ఆ హిమయుగంలో ఈ వాయువు చాలా తక్కువగా ఉండేదని సూచిస్తున్నాయి. ఉష్ణమండలపు చిత్తడి అడవులు బొగ్గుగా పూడుకుపోవడం, కొత్తగా లేచిన పర్వతాల శిలలు శైథిల్యం చెందడం ఇందుకు ముఖ్య కారణాలుగా చెబుతారు. ఇక్కడ విద్యార్థులు తరచూ ఒక పొరపాటు చేస్తారు: సింగరేణి బొగ్గును ఈ కారణాల్లో చేర్చేస్తారు. సింగరేణి బొగ్గుపొరలు తాల్చేరు పొరకు పైన ఉంటాయి, అంటే మంచు వెనుదిరిగాక ఏర్పడినవి. పర్యవసానంగా వచ్చినది కారణం కాలేదు. ఆ వాయువును గుంజుకున్న అడవులు ప్రధానంగా నేటి ఐరోపా, ఉత్తర అమెరికా ప్రాంతాలవి.

1924లో పురాతన వాయువుల పాళ్లను అంచనా కట్టే సాధనాలు లేవు కాబట్టి గ్రంథకర్తలను పూర్తిగా తప్పుపట్టలేం. ఖండాల స్థానమొక్కటే చాలునని నేటికీ రాసే పాఠ్యపుస్తకాలకు మాత్రం ఆ మినహాయింపు లేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: అంటార్కిటికా ఉదాహరణ గ్రంథంలోని ఏ వాదాన్ని బలహీనపరుస్తుంది? దేన్ని తాకదు?