మందపాలుడి మొర

గాలీ, నెవాడా ఎడారి మెట్టల మీద పుట్టిన గాలీ! కొండ కనుమల ఇరుకుల్లోంచి కిందికి జారేకొద్దీ ఒత్తుకుని వేడెక్కి, ఒంట్లో ఉన్న కాసింత తేమనూ దారిలోనే ఇగరబెట్టుకుని, పడమటి సముద్రం వైపు వెర్రెత్తి పరుగుతీసే గాలీ! అక్కడివాళ్లు నిన్ను శాంటా ఆనా అంటారు. మా గాలులు మాకు తెలుసు. తొలకరిని భుజాన మోసుకొచ్చే నైరుతి తెలుసు, కంకిపాల వాసనేసే పైరగాలి తెలుసు, తాటాకు కప్పుల్ని ఎగరేసుకుపోయే తుఫాను తెలుసు. తుఫాను కోపంలో నీళ్లుంటాయి. నీ కోపంలో చుక్క నీరు లేదు. శాన్ గాబ్రియెల్ కొండల కింద నువ్వు ఒక్కసారి ఊపిరి విడిస్తే, ఇక్కడ తెనాలిలో నా కడుపు భగ్గుమంటుంది. ఏ జన్మ పగ నీకు, ఏ జన్మ రుణం నాకు?

2025 జనవరి 7, మంగళవారం. వానదేవుడు కూడా ఆ నేరంలో భాగస్తుడే. అంతకు ముందు రెండు శీతాకాలాలు దంచికొట్టి కొండల ఒంటినిండా గడ్డీ గుబురూ మొలిపించాడు. ఆపైన మొహం చాటేశాడు. 2024 మే నుంచీ లాస్ ఏంజెలెస్ మీద చెప్పుకోదగ్గ వాన పడనే లేదు. పెరిగిన పచ్చదనమంతా నిలువునా ఎండి, ఎవరో యజ్ఞానికి పేర్చిపెట్టిన సమిధల్లా కొండవాలున నిలబడింది. జనవరి అంటే అక్కడ వానలు కురవాల్సిన నెల. ఆ నెలలో నిప్పు కురిసింది.

పొద్దున పదిన్నరకు పసిఫిక్ పాలిసేడ్స్‌లో మంట లేచేసరికి మాకు అర్ధరాత్రి. మేం ఒళ్లెరక్కుండా నిద్రపోతున్నాం. కొత్త సంవత్సరం తొలి రోజున అక్కడే రాజుకుని, ఆరిపోయిందని అందరూ అనుకున్న ఒక చిన్న నిప్పు నేలలోపల వేళ్లల్లో వారం రోజులు కాలుతూ ఉండి గాలి తగలగానే పైకి లేచిందని తరవాత ఫెడరల్ దర్యాప్తు అధికారులు చెప్పారు. నివురుగప్పిన నిప్పు అని మాటల్లో ఎన్నిసార్లు వాడామో, అది నిజంగా ఊరిని కాల్చింది.

మా అమ్మాయిది ఆ వైపు కాదు. వాళ్లుండేది అల్టడీనాలో, ఈటన్ కాన్యన్‌కు దగ్గర. అక్కడ సాయంత్రం ఆరుంపావు దాటాక మంట పుట్టింది. ఇక్కడ బుధవారం పొద్దున ఎనిమిది కావస్తోంది. ధనుర్మాసం. వాకిట్లో గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు గుచ్చుతున్నాను. చేతికి పసుపూ పేడా. ఫోను మోగితే మోచేత్తోనే నొక్కాను.

“అమ్మా, కొండ మీద ఎర్రగా కనపడుతోంది. భయపడకు.”

భయపడకు అన్న మాట వినగానే భయపడని తల్లి ఈ భూమ్మీద ఉందా? కాసేపటికి మళ్లీ చేసింది. “బయల్దేరుతున్నాం. పాస్‌పోర్టులు తీసుకున్నాను. బాబు పెందలాడే నిద్రపోయాడు, అలాగే బొంతతో ఎత్తుకొచ్చేశాం. పక్కింటి పెద్దావిణ్ణి కూడా ఎక్కించుకున్నాం. అర్వైన్‌లో ఫ్రెండు వాళ్లింటికి వెళ్తున్నాం. మళ్లీ చేస్తానమ్మా.” వెనకాల అల్లుడిగారి గొంతు తొందరపెడుతోంది. అంతకంటే వెనకాల ఒక హోరు. సముద్రపు హోరనుకున్నాను. అల్టడీనాలో సముద్రం లేదు.

ఆ బొంత మా అత్తగారి పాత నేతచీరలతో నేను కుట్టింది. లక్క రంగు అంచు, మధ్యలో చిలకాకుపచ్చ. మనవడు పుట్టినప్పుడు పంపాను. ఇల్లంతా వదిలేసి వాళ్లు వెంట తీసుకెళ్లిన సామానులో నా చేతిది అదొక్కటే. ఆ కుట్లలో ఏ కుట్టయినా వాడికి రక్షరేకై ఉండాలని ఆ పొద్దంతా మనసులోనే సూది ఎక్కించుకుంటూ కూర్చున్నాను.

మళ్లీ ఫోను రాలేదు.

వాట్సాప్‌లో ఒక టిక్కు పడింది. రెండోది పడలేదు. బూడిదరంగు టిక్కు, చీమ కాలంత గీత. నా ప్రాణాలన్నీ దాని కొనకు వేలాడాయి. అక్కడ కరెంటు తీసేశారని, టవర్లు పనిచేయడం లేదని ఆయన టీవీ ముందు కూర్చుని చెబుతున్నారు. చెవిన పడుతోంది, లోపలికి పోవడం లేదు. వాచ్ డ్యూటీ అని ఒక యాప్ ఉంది. మంటలు ఎక్కడున్నాయో, ఏ వీధిని ఖాళీ చేయమన్నారో పటం మీద చూపిస్తుంది. తమ్ముడి కొడుకు వచ్చి నా ఫోనులో పెట్టాడు. తెనాలి గంగానమ్మపేటలో కూర్చుని అల్టడీనా వీధుల పేర్లు వల్లెవేశాను. ఎర్రగా ఒక మచ్చ. గంటగంటకూ అది సాగుతోంది. గంటకు 130 కిలోమీటర్ల ఈదురుగాలికి విమానాలు, హెలికాప్టర్లు పైకి లేవలేకపోయాయి. పాలిసేడ్స్ ఎత్తుల్లో గొట్టాలు ఎండిపోయి నీళ్లు రాలేదు. నిప్పురవ్వలు మైలు దూరం ఎగిరి, అటకల గాలికన్నాల్లోంచి ఇళ్లల్లోకి దూరి, లోపలి నుంచి తినుకుంటూ వచ్చాయట. తలుపులేసుకున్నా ఆగని అతిథి. ముందరి ఇల్లు కాలి, పక్కిల్లు మిగిలి, దాని పక్కది మళ్లీ కాలి. ఏ లెక్కా లేదు, ఏ న్యాయమూ లేదు.

చూస్తున్నాను. అన్నీ తెలుస్తున్నాయి. చేతులు మాత్రం ఇక్కడున్నాయి, పసుపు ఆరిపోయిన చేతులు.

నన్నయ్య భారతం ఆదిపర్వంలో మందపాలుడి కథ ఉంది. ఖాండవవనాన్ని అగ్ని కబళించబోతున్నాడు. ఆ అడవిలో జరిత అనే శార్ఙ్గక పక్షి, ఇంకా రెక్కలు రాని నలుగురు పిల్లలతో గూట్లో ఉంది. తండ్రి మందపాలుడు ఎక్కడో దూరంగా ఉన్నాడు. ఎగిరొచ్చి రెక్క అడ్డుపెట్టే వీల్లేదు. అగ్నిని నిలబెట్టి స్తోత్రం చేశాడు, నా పిల్లల్ని కాల్చకు తండ్రీ అని. అక్కడ గూట్లో తల్లి తల్లడిల్లిపోతోంది. ఎలుక కన్నంలో దూరండి, పైన మట్టి కప్పుతాను అంటుంది. కన్నంలో ఎలుక కచ్చితంగా తింటుందమ్మా, నిప్పు వస్తుందో రాదో ఇంకా సందేహమే, నువ్వు ఎగిరిపో, నువ్వు బతికుంటే మళ్లీ పిల్లలు పుడతారు అంటాయి ఆ పసికూనలు. ఇన్నేళ్లుగా ఈ కథ చదివినప్పుడల్లా నా కన్ను జరిత మీదే ఉండేది. ఆ రోజు మందపాలుడు అర్థమయ్యాడు. అగ్ని మాట ఇచ్చాక కూడా అతనికి నిద్ర లేదు. నా పిల్లలు ఏమయ్యారో, వాళ్లకు ఎగరడం రాదే అని పొర్లిపొర్లి ఏడుస్తాడు. దేవుడు అభయమిచ్చినా కన్నవాడికి చాలదు, పిల్లల గొంతు వినాలి.

సాయంత్రం అయిదు కావస్తుండగా రెండో టిక్కు పడింది. తరవాత గొంతు వచ్చింది. “చేరాం అమ్మా. బాబు ఇంకా లేవనే లేదు.” ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకు జారబడ్డాను.

సరిగ్గా ఆ వేళకే, అక్కడ తెల్లవారుజామున మూడున్నర కావస్తుండగా, అల్టడీనా పడమటి భాగానికి ఖాళీ చేయమని తొలి ఆదేశం వెళ్లిందని నాకు చాలా రోజుల తరవాత తెలిసింది. తూర్పు భాగానికి ముందు రాత్రి ఏడున్నరకే వచ్చింది. మధ్యలో అడ్డుగా ఉన్నది లేక్ అవెన్యూ అనే ఒక రోడ్డు. ఆ రోడ్డుకు అటువైపు నిప్పు చేరిన గంటల తరవాత గానీ వాళ్ల ఫోన్లు మోగలేదు. ఈటన్ మంటలో 19 మంది పోయారు. దాదాపు అందరూ ఆ పడమటి వైపువాళ్లే. ఎక్కువమంది ముసలివాళ్లు, నడవలేనివాళ్లు. మిగతా ఊళ్లల్లో నల్లవాళ్లకు ఇళ్లు అమ్మని రోజుల్లో, అప్పో సప్పో చేసి ఆ పడమటి వైపున ఇల్లు కొనుక్కుని, మనవలకు రాసివ్వాలని కాపాడుకుంటూ వచ్చిన కుటుంబాలు అక్కడ ఎన్నో.

ఖాండవంలో బతికి బయటపడింది ఆరుగురే: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, ఈ నలుగురు శార్ఙ్గకాలు. తక్కిన అడవి సంగతేమిటి? తక్కిన గూళ్లల్లో పిట్టలు లేవా? వాటికోసం స్తోత్రం చదవడానికి దూరాన ఏ తండ్రీ లేడా, చదివినా అగ్నికి వినబడలేదా? సముద్రాలకు ఇవతల ఉన్న నా ఫోనులో పటం ఎర్రబడింది. మంటకు మైలు దూరంలో నిద్రపోతున్న ఎనభై ఏళ్ల మనిషి ఫోను మోగలేదు. దీన్ని విధి అని ఊరుకోవడం నాకు చేతకాదు. గాలిని ఎవరూ ఆపలేరు. ఫోను మోగించడం మనుషుల పని.

ఆ రాత్రి వృద్ధాశ్రమం నుంచి తెచ్చిన పెద్దవాళ్లను రోడ్డు పక్క దుకాణం ముందు పార్కింగులో నిలబెట్టిన ఫొటోలు లోకమంతా చూసింది. కొందరు చక్రాల కుర్చీల్లో, కొందరు ఆస్పత్రి మంచాల మీద, ఒంటిమీద పల్చటి గౌన్లు, చుట్టూ నిప్పురవ్వల వాన. అందులో ఒకావిడ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నట్టు నాకు కనిపించింది. మా అమ్మ ఉరుములకు అలాగే మూసుకునేది.

పదో తేదీ ముక్కోటి ఏకాదశి. తెల్లవారుజామున ఉత్తరద్వారం దగ్గర వరుసలో ఉన్నాను. తులసి వాసన, తడి చీరల చలి, గోవింద నామం. అయిదున్నరకు అమ్మాయి ఫోను: “అమ్మా, ఇక్కడ అందరి ఫోన్లూ ఒక్కసారే అరిచాయిట, మా ఆఫీసువాళ్లు వణికిపోయారు.” కెనెత్ మంట దగ్గరివాళ్లకు వెళ్లాల్సిన హెచ్చరిక లాస్ ఏంజెలెస్ కౌంటీలోని దాదాపు కోటి మందికి పొరపాటున వెళ్లింది. కావాల్సిన రాత్రి కొన్ని వేలమందికి వెళ్లని కేక, అక్కర్లేని సాయంత్రం కోటిమందికి వెళ్లింది! ఆ కెనెత్ మంట లేచింది కాలబాసస్ దాపున. 1981లో మనవాళ్లు వేంకటేశ్వరుడికి గుడి కట్టుకున్న కొండలు ఆ పక్కనే. మా అమ్మాయి పెళ్లయిన ఏడు అక్కడే మొదటి దీపం పెట్టింది. ఏడుకొండలవాడా, నీ ఎనిమిదో కొండ చుట్టూ కూడా నిప్పేనా తండ్రీ అని ఉత్తరద్వారంలో అడిగాను.

పదమూడున భోగి. వీధి మొగలో దుంగలు పేర్చారు, పిల్లలు పిడకల దండలు తెచ్చారు. ఏటా మొదటి దండ నాదే. ఈ ఏడు మంట లేవగానే కాళ్లు వెనక్కి నడిచాయి. అగ్నిదేవా, నీతో మాకు ఎన్ని జన్మల చుట్టరికం! నీ చుట్టూ ఏడడుగులు వేశాం, నీలో అన్నం వండుకున్నాం, మావాళ్లను నీకే అప్పగించాం. ఇంట్లోవాడివనుకుని పిల్లల్ని నీ ముందు ఆడించాం. నువ్వు ఇలా ఊళ్లకు ఊళ్లు బుగ్గిచేస్తుంటే నీకు ఏ మొహంతో దండం పెట్టను? ఆ సాయంత్రం వీడియోలో మనవడికి భోగిపళ్లు పోశారు. రేగుపళ్లు దొరక్క క్రాన్‌బెర్రీలు. బొంత మీదే కూర్చోబెట్టారు. ఎన్నిసార్లు ఉతికినా పొగవాసన పోవడం లేదని అమ్మాయి చెప్పింది. పోనీయకు, అలాగే పంపించు, నేనొకసారి వాసన చూస్తాను అన్నాను.

పాలిసేడ్స్, ఈటన్ మంటలు రెండూ జనవరి 31కి గానీ పూర్తిగా అదుపులోకి రాలేదు. రెంటిలో కలిపి 30 మందికి పైగా పోయారు. 16 వేలకు పైగా ఇళ్లూ కట్టడాలూ కూలాయి. మావాళ్ల అద్దె ఇల్లు మిగిలింది, లోపలంతా మసి. పంపునీళ్లు తాగొద్దన్నారు. పక్కింటి పెద్దావిడ ఇంటి స్థలంలో పొగగొట్టం, కరిగిన గాజు, గేటు దగ్గర నిమ్మచెట్టు మోడు మిగిలాయి. ఆవిడ బూడిదలో గంటసేపు వెతికి ఒక పింగాణీ సాసరు ఏరుకుందట. పగలలేదట. అది మా అమ్మాయికే ఇచ్చింది.

ఆ ఊళ్లో క్రిస్మస్ ట్రీ లేన్ అని ఒక వీధి ఉంది. రెండు పక్కలా దేవదారు చెట్లు. హిమాలయాల జాతి చెట్లు, 1880ల్లో నాటారు. చుట్టూ ఇళ్లు కాలాయి, ఆ చెట్లు చాలావరకూ నిలిచాయి. 2023 ఆగస్టులో హవాయిలోని లహైనా కాలినప్పుడు కూడా, 1873లో మనదేశం నుంచి తెచ్చి నాటిన మర్రిచెట్టు ఒళ్లంతా కమిలి మళ్లీ చిగురేసింది. అక్కడ కూడా సైరన్లు మోగలేదు. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ వేళ్లూనినవన్నీ అలాగే నిలవాలని, దేశంకాని దేశంలో బిడ్డలున్న ఏ తల్లి కోరుకోదు?

శాంటా ఆనా గాలులు ఏటా శరదృతువు నుంచి శీతాకాలం దాకా వస్తాయి. కాలిఫోర్నియాలో మీవాళ్లుంటే, తిన్నారా పడుకున్నారా అని అడిగే ఫోనులోనే ఈ నాలుగు మాటలూ అడగండి: మీ ఇల్లు ఏ ఎవాక్యుయేషన్ జోన్‌లో ఉంది, రాత్రిళ్లు ఫోనులో అత్యవసర హెచ్చరికల మోత ఆపేసి పెట్టుకున్నారా, పాస్‌పోర్టులూ మందులూ ఒక్క సంచిలో ఉన్నాయా, పక్కింట్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల తలుపు ఎవరు తడతారు? నాలుగో దానికి జవాబు వచ్చేదాకా ఫోను పెట్టేయకండి.